ఒంటి మీద దురదకి లోహమే కారణమా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

“ఒంట్లో లోహాలు పేరుకుపోయి ఇమ్యూనిటీ దెబ్బతిందేమో, ఏ టెస్ట్ చేయించుకోవాలి?” అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. ముందు మీ ఇబ్బందేమిటో చెప్పండి అంటే చాలామంది చెప్పేది ఒకటే: చెవి తమ్మె దగ్గరో, బొడ్డు కిందో, మణికట్టు చుట్టూనో ఎన్నాళ్లైనా మానని దురద. దానికోసం రక్తంలో లోహాలు కొలిపించుకోవడం డబ్బు దండగ. నికెల్ అలర్జీ ఉన్నవాళ్ల రక్తంలో నికెల్ అందరికీ ఉన్నంతే ఉండొచ్చు. తేడా ఉన్నది దాన్ని చూసి తిరగబడే తెల్లకణాల్లో. కాబట్టి ల్యాబ్ సంగతి తర్వాత, ముందు మీ బెల్టు బకిల్ పట్టుకురండి.

పని మొదలుపెట్టే ముందు రెండు సంగతులు తెలిస్తే చాలు.

లోహాలు రోగనిరోధక వ్యవస్థతో రెండు రకాలుగా ఆడుకుంటాయి. నికెల్, కోబాల్ట్, క్రోమియం అలర్జీ తెప్పిస్తాయి. ఇది కొందరికే వస్తుంది, వచ్చినవాళ్లకి పిసరంత తగిలినా చాలు. సీసం, ఆర్సెనిక్, పాదరసం విషాలు. ఒంట్లోకి ఎంత చేరిందన్నదాన్ని బట్టి ఎవరికైనా హాని చేస్తాయి. మొదటి రకాన్ని చర్మం మీద పరీక్షిస్తారు, రెండో రకాన్ని రక్తంలోనో మూత్రంలోనో. ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం.

రెండో సంగతి: లోహపు అలర్జీ ఆలస్యంగా బయటపడుతుంది. చెమట నికెల్‌ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది, ఆ అయాన్లు చర్మంలోకి దిగి మన ప్రొటీన్లకి అతుక్కుంటాయి, టీ కణాలు (తెల్లకణాల్లో ఒక రకం) వాటిని పరాయివిగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ తర్వాత మళ్లీ తగిలితే, ఒకటి నుంచి మూడు రోజుల్లో చర్మం ఎర్రబడి, దురద పెట్టి, సన్నటి నీటి పొక్కులు లేస్తాయి. టీ కణాలు ఒకసారి గుర్తుపెట్టుకుంటే సాధారణంగా జీవితాంతం మర్చిపోవు. (నికెల్‌కి ఇంకో కళ కూడా ఉంది. బ్యాక్టీరియాని పసిగట్టడానికి ఉన్న టీఎల్‌ఆర్4 అనే గ్రాహకానికి అది నేరుగా అతుక్కుని ఉత్తుత్తి అలారం మోగిస్తుంది. మన గ్రాహకంలో అందుకు వీలైన చోటు ఉంది, ఎలుకల్లో లేదు. 2010లో ఈ సంగతి తేలాక, ఎలుకలకి నికెల్ అలర్జీ తెప్పించడం ఎందుకంత కష్టమో అర్థమైంది.)

కావలసినవి

- ఫోన్ కెమెరా, ఒక నోట్‌బుక్
- నికెల్ స్పాట్ టెస్ట్ కిట్. ఇందులో డైమిథైల్‌గ్లయాక్సిమ్, అమ్మోనియా ద్రావణాలుంటాయి. కొన్ని కిట్లలో రెండూ ఒకే సీసాలో కలిపి వస్తాయి. సీసా మీద గడువు తేదీ చూసుకోండి
- దూది పుల్లలు, చేతి గ్లవ్స్
- నికెల్ ఉందని ఖాయంగా తెలిసిన వస్తువు ఒకటి. రాగి, నికెల్ కలిపి చేసిన నాణెమైతే బాగా పనికొస్తుంది
- ఆరు వారాల ఓపిక. అన్నిటికన్నా ఇదే కష్టం

1. దురద ఎక్కడుందో బొమ్మ గీయండి

మనిషి బొమ్మ ముందు వైపు, వెనక వైపు గీసి, దురద ఉన్న చోట్ల రంగు వేయండి. రోజూ ఒకే వెలుతురులో ఫోటో తీయండి. చోటు చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. చెవి తమ్మెలకి దిద్దులు, బొడ్డు కింద ప్యాంటు బొత్తం లేదా బకిల్, మణికట్టుకి వాచీ, మెడ వెనక గొలుసు కొక్కెం, ముక్కుకి రెండు పక్కలా కళ్లజోడు, ఒక తొడ మీదే ఉంటే జేబులో తాళాలు, ఒక చెంప మీదే ఉంటే ఫోన్. పాదాల పైభాగంలో రెండు వైపులా ఒకేలా ఉంటే నికెల్ కంటే చెప్పుల తోలుని ముందు అనుమానించాలి, తోలు పదును చేయడానికి క్రోమియం వాడతారు. సిమెంటు పనిచేసేవాళ్ల చేతులకి కూడా అదే క్రోమియం. కనురెప్పలు మోసం చేస్తాయి. అక్కడికి లోహం చేతివేళ్ల మీద ప్రయాణం చేసి వస్తుంది, కాబట్టి రెప్ప మీద దురదకి కారణం చేతిలో పట్టుకున్నది కావచ్చు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు నేనూ చేశాను. బొడ్డు కింద గుండ్రంగా ఎర్రటి మచ్చ వస్తే తామర అనుకుని ఎనిమిది నెలలు ఫంగస్ క్రీము రాశాను. గుండ్రంగా ఉన్నది నా జీన్స్ బొత్తం! పైగా ఆ క్రీముల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసినన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది, మానగానే తిరగబెడుతుంది. అలా తగ్గింది కదా, తామరే అయుంటుందని ఇంకో ట్యూబు కొన్నాను.

2. వెనక్కి లెక్కపెట్టండి

దురద మొదలైన రోజు నుంచి మూడు రోజులు వెనక్కి వెళ్లి, ఆ మూడు రోజుల్లో ఏమేం వేసుకున్నారు, ఏం పట్టుకున్నారు, ఎక్కడ చెమట పట్టింది రాసుకోండి. పొద్దున్న వచ్చిన దురదకి పొద్దున్న తిన్నదాన్ని తిట్టడం మన అలవాటు. నిమిషాల్లో లేచి గంటల్లో మాయమయ్యే దద్దుర్లు వేరే జాతి, వాటికి ఈ గైడ్ పనికిరాదు.

పది, పదిహేనేళ్లుగా వాడుతున్న వస్తువుని జాబితాలోంచి తీసేయకండి. “ఇన్నేళ్లు ఏమీ కాలేదు కదా” అన్నది చెల్లని వాదన. పూత అరిగి కింది లోహం బయటపడటానికి ఏళ్లు పట్టొచ్చు, మీ టీ కణాలు ఎప్పుడు తిరగబడతాయో కూడా చెప్పలేం. కొత్తగా చెవి కుట్టించుకున్నాక, పుండు మానకముందే నికెల్ తగిలితే అలర్జీ పుట్టే అవకాశం మరీ ఎక్కువ.

3. వస్తువుల్ని పరీక్షించండి

అన్నిటికన్నా కొలిక్కి వచ్చే పని ఇదే. నిదానంగా చేయండి.

అ) కిటికీ తెరిచి కూర్చోండి, అమ్మోనియా ఘాటు కళ్లకి తగులుతుంది. బ్లీచ్ దగ్గర అసలు పెట్టుకోవద్దు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఆ) ముందు కిట్‌నే పరీక్షించండి. దూది పుల్ల మీద రెండు ద్రావణాలూ ఒక్కో చుక్క వేసి నికెల్ నాణెం మీద అర నిమిషం రుద్దండి. దూది గులాబీ రంగుకి తిరగాలి. తిరగకపోతే కిట్ పాడైపోయినట్టే, దాంతో ముందుకి వెళ్లడం వృథా.

ఇ) వస్తువుని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి, కొత్త పుల్లతో అలాగే రుద్దండి. ఒక వస్తువుకి వాడిన పుల్ల ఇంకోదానికి వాడకండి. ఒక్క పుల్లతో నగలపెట్టె మొత్తం రుద్ది, అన్నీ గులాబీ అయ్యాయని కంగారుపడినవాళ్లు ఉన్నారు.

ఈ) మెరిసే ముందు భాగం కాదు, చర్మానికి తగిలే వెనక భాగం ముఖ్యం. దిద్దు కాడ, మర, కొక్కెం, వాచీ వెనక మూత, బొత్తం లోపలి గుబ్బ, కళ్లజోడు మడతలో స్క్రూ. ఒకే గొలుసులో లింకులు మంచివై, కొక్కెం మాత్రం నికెల్‌ది కావడం మామూలే.

ఉ) రంగు సరిగ్గా చదవండి. గులాబీ నుంచి ముదురు గులాబీ వరకు మాత్రమే ఔను. బూడిద రంగు, నలుపు అంటే మురికి లేదా అరుగుదల. పసుపు, గోధుమ రంగు వేరే లోహాల పని, నికెల్ లెక్కలోకి రాదు.

ఊ) పరీక్షించిన వస్తువుని నీళ్లతో కడిగి తుడిచాకే వేసుకోండి. ఈ ద్రావణాలు చర్మం మీద వేయకండి, ఇది వస్తువులకి చేసే పరీక్ష.

ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి? ఔనంటే గట్టిగా నమ్మండి. కాదంటే సగమే నమ్మండి. వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాముల నికెల్ వదలడం అన్నది, చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువులకి యూరోపియన్ యూనియన్ పెట్టిన పరిమితి. ఈ కిట్ పట్టుకునే మట్టం కూడా దాదాపు అంతే. అంతకన్నా తక్కువ వదిలే వస్తువు దీనికి దొరకదు, కానీ బాగా తిరగబడే చర్మానికి అదీ ఎక్కువే. కుట్టిన చెవికి పెట్టేవాటికి అక్కడి పరిమితి 0.2 మాత్రమే. పూత ఉన్న వస్తువు కొత్తలో కాదంటుంది, ఆరు నెలలకి ఔనంటుంది. అందుకే వాడే కొద్దీ మళ్లీ పరీక్షించాలి.

కోబాల్ట్‌కి వేరే కిట్ ఉంటుంది, దాంట్లో రంగు నారింజ వైపు తిరుగుతుంది. తోలులో క్రోమియానికి మాత్రం ఇంట్లో నమ్మదగ్గ పరీక్ష లేదనే అనుకోండి. చెప్పులు మార్చి చూడటమే దారి.

4. నాలుగు నుంచి ఆరు వారాలు దూరం పెట్టండి

ఔనన్నవన్నీ, అనుమానం ఉన్నవీ ఒకేసారి తీసేయండి. ఒక్కొక్కటిగా తీస్తే ఏదీ తేలదు. ఈ రోజుల్లో కొత్త క్రీము, కొత్త సబ్బు, కొత్త ఆహార నియమం పెట్టుకోకండి. దురద తగ్గితే దేనివల్ల తగ్గిందో తెలియకుండా పోతుంది. డాక్టరు ఇచ్చిన మందు ఆపమని కాదు, అది అలాగే కొనసాగిస్తూ తేదీ రాసుకోండి.

తీసేసిన మర్నాటికే తగ్గాలని ఎదురుచూడకండి. చర్మం తేరుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మధ్యలో పెళ్లికో ఫంక్షన్‌కో ఒక్క సాయంత్రం పాత దిద్దులు పెట్టుకున్నారంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

చర్మం మామూలు అయ్యాక, కిట్‌లో కాదన్న వస్తువుల్ని వారానికొకటి చొప్పున మళ్లీ వాడకంలోకి తెచ్చుకోండి. ఔనన్నవాటిని “చూద్దాం” అని మళ్లీ వేసుకోవద్దు. ఆ నిర్ధారణకి ప్యాచ్ టెస్ట్ (వీపు మీద పట్టీలు అంటించి చూసే పరీక్ష) ఉంది.

5. ప్యాచ్ టెస్ట్‌కి వెళ్లండి

దూరం పెడితే తగ్గినవాళ్లు ఖాయం చేసుకోవడానికి, తగ్గనివాళ్లు అసలు కారణం వెతకడానికి చర్మవైద్యుల దగ్గర ఈ టెస్ట్ చేయించుకోవాలి. సరదా సంగతి ఏమిటంటే, ఈ పరీక్ష పుట్టిందే లోహంతో. 1895లో జర్మన్ చర్మవైద్యుడు యోసెఫ్ యాడస్సోన్, పాదరసం మందుతో చర్మం పాడైన రోగికి అదే మందు కొద్దిగా అంటించి చూపించాడు. ఇప్పుడు వీపు మీద చిన్న చిన్న గిన్నెల్లో నికెల్ సల్ఫేట్, కోబాల్ట్ క్లోరైడ్, పొటాషియం డైక్రోమేట్ తక్కువ మోతాదులో అంటిస్తారు.

వెళ్లే ముందు: వీపు మీద స్టెరాయిడ్ క్రీము ఒక వారం ముందే మానాలి, వీపుకి ఎండ తగలనివ్వకూడదు. స్టెరాయిడ్ మాత్రలు, ఇమ్యూనిటీని అణిచే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి, ఫలితం తప్పిపోవచ్చు. మీ అంతట మీరు వాటిని ఆపకండి. దురద మాత్రలు ఈ పరీక్షని పెద్దగా చెడగొట్టవు.

అంటించాక రెండు రోజులు వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. పట్టీలు తీసిన రోజు ఒకసారి, మూడు లేదా నాలుగో రోజు మరోసారి చూడాలి. లోహాలకి వీలైతే ఏడో రోజు కూడా చూడాలి, కొన్నిటికి చర్మం అంత ఆలస్యంగా స్పందిస్తుంది. “రెండో రోజు ఏమీ లేదన్నారు, ఇంక వెళ్లలేదు” అనేవాళ్ల టెస్ట్ సగంలో ఆగినట్టే.

పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన మీ ఇప్పటి దురదకి అదే కారణమని కాదు. అందుకే ఆ బొమ్మ, నోట్‌బుక్, వస్తువుల జాబితా పట్టుకెళ్లమంటాను. టెస్ట్ ఫలితం, మీ జాబితా రెండూ సరిపోతేనే కేసు తేలినట్టు.

ఈ దురదకి పనికిరాని పరీక్షలు: వెంట్రుకల్లో లోహాలు చూడటం, రక్తంలో లోహాల ప్యానెల్, ఐజీఈ (ఒక రకం యాంటీబాడీ) అలర్జీ ప్యానెల్. చివరిది అసలు వేరే దారిలో నడిచే అలర్జీని వెతుకుతుంది.

6. మార్చుకోండి, కప్పేయండి

వస్తువులో నికెల్ ఉందా అన్నది కాదు, వదులుతుందా అన్నదే లెక్క. 316ఎల్ రకం స్టీలులో నికెల్ 10 శాతం పైనే ఉంటుంది, కానీ గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి చాలామందికి పడుతుంది. పూత వేసిన చవక మిశ్రమంలో నికెల్ తక్కువున్నా చెమటకి ధారాళంగా వదలొచ్చు. తెల్ల బంగారంలో నికెల్ కలిపే రకాలున్నాయి, అడిగి కొనండి. కుట్టిన చెవికి టైటానియం లేదా నియోబియం అన్నిటికన్నా నిశ్చింత. “హైపోఅలర్జెనిక్” అన్న ముద్రని చూసి మురిసిపోకండి, ఇంటికొచ్చాక కిట్‌తో రుద్దండి.

బొత్తం లోపల గుడ్డ ముక్క కుట్టండి. రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేస్తే కొన్నాళ్లు ఆగుతుంది, అరిగాక మళ్లీ వేయాలి. చెమట పట్టే చోట ఈ చిట్కా మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. చేతులకి వస్తుంటే పనిముట్ల పిడులు ప్లాస్టిక్‌వో చెక్కవో చూసుకోండి.

ఆహారంలో నికెల్ తగ్గించమని అందరికీ చెప్పను. కోకో, పప్పుగింజలు, ఓట్స్, సోయాలో నికెల్ ఎక్కువ. తగిలేవన్నీ మానేసినా అరచేతుల్లో నీటి పొక్కులు ఆగనివాళ్లకి మాత్రం డాక్టరు కొన్ని వారాలు ప్రయత్నించి చూడమంటారు. మొదటి రోజు నుంచే పప్పులు మానేసి నీరసపడటం అనవసరం.

7. అలర్జీ కాని లోహాల సంగతి

ఇది వేరే దారి. ఇక్కడ దురద ఉండకపోవచ్చు, బయటికి ఏమీ కనిపించకపోవచ్చు. కింద చెప్పినవాటిలో మీకు వర్తించేదే చదువుకోండి.

పాత పెయింటు పెచ్చులు, బ్యాటరీల పని, టంకం పని ఉన్న ఇల్లైతే సీసం. సీసం రోగనిరోధక కణాల సమతూకాన్ని అలర్జీల వైపు మొగ్గేలా చేస్తుంది. పిల్లలకి సిర నుంచి తీసిన రక్తంతో పరీక్ష చేయించండి. వేలి చుక్కతో ఎక్కువ వస్తే కంగారుపడే ముందు సిర రక్తంతో మళ్లీ చూడాలి, వేలికి అంటిన దుమ్ము కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అమెరికాలో 2021 నుంచి డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలంటున్నారు. సురక్షితం అనదగ్గ మట్టం అంటూ ఏదీ లేదు. ఇంట్లో పొడి చీపురు మానేసి తడిగుడ్డ పెట్టండి, పని బట్టలు విడిగా ఉతకండి.

బోరు నీళ్లు తాగుతుంటే ఆర్సెనిక్. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి లీటరుకి 10 మైక్రోగ్రాములు. నీళ్లని మరిగిస్తే ఆర్సెనిక్ పోదు, నీళ్లు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. నీళ్లనే పరీక్షకి పంపండి. మీ మూత్రం కూడా పరీక్షిస్తుంటే మూడు నాలుగు రోజుల ముందు నుంచి చేపలు, రొయ్యలు తినకండి. వాటిలో ఉండే హానిలేని ఆర్సెనిక్ అంకెని ఎగదోస్తుంది.

తెల్లబరిచే క్రీములు రాస్తుంటే పాదరసం. రోగనిరోధక వ్యవస్థ మూత్రపిండాల వడపోత మీద దాడి చేసేలా ఇది చేయగలదు. లేబుల్ లేని క్రీము, లేదా లేబుల్ మీద కాలొమెల్ (ఇదీ పాదరసమే), మెర్క్యురీ అన్న మాట ఉన్న క్రీము వెంటనే ఆపండి. మూత్రం నురగ కడుతున్నా, కాళ్లు వాస్తున్నా డాక్టరు దగ్గరికి క్రీము డబ్బాతో సహా వెళ్లండి. క్రీము పూసుకోని పిల్లలకి కూడా దిండ్లు, తువ్వాళ్ల ద్వారా అంటుకుంటుంది.

రాయి కోసే, పాలిష్ చేసే పని అయితే సిలికా. లోహం కాదు కానీ వదిలేయలేను. ఈ దుమ్ము ఊపిరితిత్తుల్ని గట్టిపరచడమే కాదు, కీళ్లవాతం, స్క్లెరోడెర్మా, లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బుల (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసేవి) అవకాశం కూడా పెంచుతుంది. నీళ్లు పోస్తూ కోయాలి, ముఖానికి సరిగ్గా అమరే ఎన్95 లేదా అంతకన్నా మంచి మాస్క్ కావాలి. గుడ్డ కట్టుకుంటే సరిపోదు. కృత్రిమ రాతి పలకల విషయంలో ఆస్ట్రేలియా ఈ జాగ్రత్తల్ని కూడా నమ్మలేక 2024 జూలైలో వాటినే నిషేధించింది.

బెరీలియం అనే తేలికపాటి లోహం కలిపిన మిశ్రమాలతో పనిచేసి, విడవని దగ్గు, ఆయాసం ఉంటే ఆ సంగతి డాక్టరుకి మీరే చెప్పాలి. ఎక్స్‌రేలో దాని జబ్బు సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డలు కట్టే ఇంకో జబ్బు) లాగే ఉంటుంది, అడగకపోతే అలాగే పేరు పెట్టేస్తారు. తేల్చడానికి వేరే రక్తపరీక్ష ఉంది, తెల్లకణాలకి బెరీలియం చూపించి అవి పెరుగుతాయా లేదా అని చూస్తారు.

“డిటాక్స్” గురించి

మాత్ర ఇచ్చి, ఆ తర్వాత మూత్రం పట్టి, “చూడండి ఎన్ని లోహాలున్నాయో” అనే పరీక్షకి ఒప్పుకోకండి. ఆ మాత్ర ఎవరి ఒంట్లోంచైనా లోహాన్ని బయటికి లాగుతుంది, దాన్ని మామూలు మూత్రం అంకెలతో పోలిస్తే అందరూ రోగులే. ఇలా లోహాన్ని పట్టి బయటికి లాగే కీలేషన్ మందులు నిజమైన సీసం విషానికి ఆసుపత్రిలో ఇచ్చేవి. డైసోడియం ఎడిటేట్ అనే రకం రక్తంలో కాల్షియంని పడగొట్టి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. నికెల్ అలర్జీకి ఇవేవీ పనిచేయవు, టీ కణాల జ్ఞాపకాన్ని ఏ మాత్రా కడిగేయలేదు.

ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సందర్భాలు: ముఖం, పెదవులు వాచి ఊపిరి కష్టమైతే, పొక్కుల్లో చీము పట్టి జ్వరం వస్తే, దురద ఒళ్లంతా పాకితే.

ప్యాచ్ టెస్ట్ రిపోర్టు చేతికొచ్చాక దాని ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి. పళ్లకి క్లిప్పులు వేయించుకునేటప్పుడు, మోకాలికో తుంటికో లోహపు కీలు పెట్టించుకునే ముందు దాన్ని చూపించండి. నికెల్ అలర్జీ ఉన్నా చాలామందికి లోపల పెట్టిన లోహంతో ఏ ఇబ్బందీ రాదు, కాబట్టి ఇప్పటికే ఉన్నదాన్ని తీయించుకునే ఆలోచన పెట్టుకోవద్దు. కొత్తది పెట్టేటప్పుడు ఏ లోహం వాడాలో సర్జన్ నిర్ణయించుకోవడానికి మాత్రం ఆ కాగితం పనికొస్తుంది.